తగ్గిన బరువు నిలవాలంటే తూకపు యంత్రం ఒక్కటే చాలదు



బరువు తగ్గే మార్గాలు చెప్పేవారికి మన మధ్య కొదువ లేదు. అన్నం పూర్తిగా మానివేయమనేవారు, కొన్ని వారాలు ద్రవాహారంతోనే గడపమనేవారు, చిరుధాన్యాలు తప్ప మరేదీ ముట్టవద్దనేవారు, రోజులో పదహారు గంటలు ఉపవాసం ఉండమనేవారు, ఇలా ఎందరో ఉన్నారు. వీటిలో దేనిని శ్రద్ధగా పాటించినా మొదటి మూడు నాలుగు నెలల్లో కొంత బరువు తగ్గుతుంది. అసలు కష్టం ఆ తర్వాతే ఆరంభమవుతుంది. పథ్యం ముగిసిన మరునాటి నుంచి ఏం తినాలి, తగ్గిన బరువు నిలుస్తున్నదో లేదో ఎలా తెలుసుకోవాలి అనే ప్రశ్నలకు సమాధానం చెప్పేవారు అరుదు.

అప్పుడు చాలామంది ఇంట్లో ఉన్న తూకపు యంత్రాన్నే దిక్కుగా భావిస్తారు. ఉదయం లేవగానే దానిపై నిలబడతారు. అంకె తగ్గితే ఆ పూట ఉల్లాసం, పెరిగితే దిగులు. దిగులు పడినవారు ఆ పూట ఉపాహారం మానివేస్తారు. సాయంత్రానికి ఆకలి పెరిగి, రెండు పూటల తిండి ఒకేసారి తింటారు. మరునాడు మళ్ళీ తూకం, మళ్ళీ దిగులు. కొన్ని నెలలకు విసిగిపోయి యంత్రాన్ని మంచం కిందికి తోసివేస్తారు. దానితోపాటు ఉదయపు నడకనూ, మితాహారాన్నీ వదిలివేస్తారు. వృత్తిలో ఉన్నన్నాళ్ళూ నేను తరచుగా గమనించిన వరుస ఇది. ఇందులో నాకు బాధ కలిగించేది బరువు తిరిగి రావడం కంటే, ఒక అంకె చూసి మనిషి మంచి అలవాట్లను విడిచిపెట్టడం.

బరువు తగ్గిన తర్వాత దానిని కాపాడుకోవడానికి తూకపు యంత్రాన్ని ప్రధాన ఆధారంగా పెట్టుకోరాదన్నది నా అభిప్రాయం. నెలకొకసారి చూసుకొనే పలు ఆధారాలలో అది ఒకటిగా ఉండవచ్చు. అంతకుమించిన అధికారం దానికి ఇవ్వనవసరం లేదు. కారణాలు ఒక్కొక్కటిగా వివరిస్తాను.

తూకపు యంత్రం దేనిని తూస్తుంది?

యంత్రానికి కొవ్వు వేరు, కండ వేరు అన్న భేదం తెలియదు. ఎముకలు, కండరాలు, కొవ్వు, రక్తం, పేగులలోని మలం, మూత్రాశయంలోని మూత్రం, అంతకుముందు త్రాగిన నీరు, అన్నింటినీ కలిపి ఒకే అంకెగా చూపుతుంది. వీటిలో రోజురోజుకూ ఎక్కువగా మారేది నీరు. పెద్దవారి శరీర బరువులో దాదాపు సగం, ఆపైన నీరే ఉంటుంది. అందుచేత ఒక రోజుకూ మరొక రోజుకూ కిలో, కిలోన్నర తేడా కనిపించడం సహజం.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోక్యాలరీల శక్తి నిల్వ ఉంటుంది. అంటే మన అవసరానికి మించి అంత శక్తిని అదనంగా తింటేగాని ఒంట్లో కిలో కొవ్వు చేరదు. రోజుకు 2,000 కిలోక్యాలరీలు సరిపోయే వ్యక్తికి అది దాదాపు నాలుగు రోజుల ఆహారం. పెళ్ళి విందులో పులిహోర, గారెలు, బూరెలు ఎంత ఇష్టంగా తిన్నా, మామూలు భోజనానికి అదనంగా నాలుగు రోజుల తిండి ఒక్క పూటలో ఎవరూ తినలేరు. మరునాడు తూకంలో కనిపించే కిలోన్నర పెరుగుదలలో అధికభాగం ఉప్పు పట్టి ఉంచిన నీరు, ఇంకా బయటకు పోని ఆహారం. రెండు మూడు రోజులు మామూలుగా తింటే అది దానంతట అదే పోతుంది. వేసవిలో కొత్త ఆవకాయ, అప్పడాలు, వడియాలు వరుసగా తిన్నప్పుడు జరిగేది కూడా ఇదే. స్త్రీలలో నెలసరికి ముందు కొన్ని రోజులు నీరు చేరి బరువు పెరగడమూ మామూలే.

పిండిపదార్థాల విషయంలో మరొక చిత్రం ఉంది. మనం తినే అన్నంలోని చక్కెర కొంతభాగం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాలలో నిల్వ ఉంటుంది. ఈ నిల్వ పెద్దవారిలో సుమారు అర కిలో. ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె పూర్తిగా మానినప్పుడు ఈ నిల్వ కరిగి, దానితో ఉన్న నీరు మూత్రంలో పోతుంది. మొదటి వారంలోనే కిలోన్నర, రెండు కిలోలు తగ్గామని సంతోషించేవారు ఎక్కువగా కోల్పోయినది ఈ నీటినే. పథ్యం ముగించి అన్నం తినడం మొదలుపెట్టగానే ఆ నీరు తిరిగి చేరుతుంది. ‘రెండు రోజులు అన్నం తిన్నానో లేదో రెండు కిలోలు పెరిగాను, అన్నం నాకు పడదు’ అన్న నిర్ణయానికి వస్తారు. పోయినప్పుడు కొవ్వు పోలేదు, వచ్చినప్పుడు కొవ్వు రాలేదు. తూకపు అంకె మాత్రం రెండుసార్లూ వారిని తప్పుదారి పట్టించింది.

వెనుకటి రోజుల్లో రైల్వే స్టేషన్లలో రంగురంగుల దీపాలు తిరిగే తూకపు యంత్రాలు ఉండేవి. నాణెం వేస్తే చిన్న అట్టముక్క వచ్చేది. దానిపై బరువుతోపాటు జాతకం కూడా అచ్చయి ఉండేది. ఆ జాతకాన్ని చూసి నవ్వుకొని పారవేసేవాళ్ళం. నేడు ఇంటి యంత్రం ఇచ్చే అంకెనే ఆ రోజు జాతకంగా చదువుకోవడం విచారకరం.

తూకానికి అందని సంగతులు

2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఇద్దరు వైద్యులు తమ ఛాయాచిత్రాన్నే ప్రచురించారు. ఒకరు పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎంఐ ఇద్దరికీ 22.3 మాత్రమే. శరీరంలో కొవ్వు శాతం కొలిచినప్పుడు యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2 వచ్చింది. అంటే ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరిలో భారతీయుని శరీరంలో కొవ్వు రెట్టింపుకు మించి ఉన్నది. మనవారిలో కాళ్ళు చేతులు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉండే దేహతత్త్వం ఎక్కువ. మధుమేహానికి, గుండె జబ్బులకు దారితీసేది ముఖ్యంగా ఈ పొట్టలోని కొవ్వే. అది ఎంత ఉన్నదో తూకపు యంత్రం చెప్పలేదు.

కండరాల సంగతి ఇంకా ముఖ్యమైనది. తగినంత మాంసకృత్తులు తినకుండా, వ్యాయామం చేయకుండా కేవలం కడుపు మాడ్చుకొని బరువు తగ్గేవారు కొవ్వుతోపాటు కండను కూడా కోల్పోతారు. పథ్యం విడిచాక తిరిగి వచ్చే బరువులో కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుంది. డెబ్బై రెండు కిలోల నుంచి అరవై నాలుగుకు దిగి, మళ్ళీ డెబ్బై రెండుకు చేరిన వ్యక్తి ఉన్నచోటికే వచ్చానని అనుకుంటారు. నిజానికి కండ తగ్గి, కొవ్వు పెరిగిన శరీరంతో వచ్చి ఉండవచ్చు. వయసుతో కండ సహజంగానే క్షీణిస్తుంది గనుక అరవై దాటినవారికి ఇది మరింత నష్టం. తూలి పడడం, ఎముకలు విరగడం, లేవలేకపోవడం వంటి ఇబ్బందులకు కండ బలం తగ్గడం ఒక ముఖ్య కారణం.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. క్రమంగా నడిచేవారికి, బలవర్ధక వ్యాయామాలు చేసేవారికి కొవ్వు తగ్గి కండ కొంత పెరగవచ్చు. తూకంలో అంకె కదలదు. ‘ఇంత కష్టపడుతున్నా ఫలితం లేదు’ అని వారు వ్యాయామం మానివేస్తారు.

ఫలితం లేదనడం ఎంత పొరపాటో చెన్నైలో జరిగిన ఒక పరిశోధన తెలియజేస్తుంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం నిర్వహించిన భారత మధుమేహ నివారణ పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి సాధారణ సలహాలు మాత్రమే ఇచ్చారు. ఒక వర్గానికి ఆహారంలో, నడకలో మార్పులు నేర్పారు. మరొక వర్గానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు, నాలుగవ వర్గానికి ఆ రెండూ ఇచ్చారు. మూడేళ్ళలో సాధారణ సలహా పొందినవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో అది 39.3 శాతమే. ఇంతటి ప్రయోజనం బరువులో చెప్పుకోదగిన తగ్గుదల లేకుండానే సిద్ధించింది. తూకపు యంత్రాన్ని మాత్రమే నమ్మి ఉంటే ఆ వ్యక్తులు తమ శ్రమ వృథా అయిందనే భావించి ఉండేవారు.

శరీరం ఎందుకు ఎదురు తిరుగుతుంది?

తగ్గిన బరువు తిరిగి రావడానికి మనోబలం లేకపోవడమే కారణమని ఇంట్లోవారూ, బంధువులూ నిందిస్తారు. బాధితులూ తమను తాము నిందించుకొంటారు. ఈ నింద న్యాయమైనది కాదు.

బరువు తగ్గినప్పుడు శరీరం దానిని కరవుగా అర్థం చేసుకొంటుంది. శక్తి ఖర్చును తగ్గిస్తుంది, ఆకలిని పెంచుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ శక్తినిచ్చే ఆహారం ఇచ్చి జరిపిన పరిశోధన 2011లో ప్రచురితమైంది. ఏడాది గడిచిన తర్వాత కూడా వారిలో ఆకలిని పెంచే హార్మోన్లు, కడుపు నిండినట్లు తెలిపే హార్మోన్లు మునుపటి స్థితికి రాలేదు. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో పాల్గొని సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించగా, సుమారు 41 కిలోలు తిరిగి వచ్చాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరం ఖర్చు చేసే శక్తి, ఉండవలసిన దానికంటే రోజుకు దాదాపు 500 కిలోక్యాలరీలు తక్కువగా ఉన్నది. 2016లో వెలువడిన మరొక అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకు శరీరపు ఖర్చు రోజుకు 20 నుంచి 30 కిలోక్యాలరీలు తగ్గితే, ఆకలి రోజుకు సుమారు 100 కిలోక్యాలరీల మేరకు పెరుగుతుంది. ఎనిమిది కిలోలు తగ్గినవారు రోజూ 800 కిలోక్యాలరీల అదనపు ఆకలితో పోరాడుతున్నారన్నమాట.

ఇటీవల మన దేశంలోనూ దొరుకుతున్న, వారానికొకసారి వేసుకొనే ఇంజెక్షన్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. సెమాగ్లూటైడ్ ఆపివేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరిశోధనలో తేలింది. మందు ఉన్నంతకాలం అణగి ఉన్న ఆకలి, మందు ఆపగానే తిరిగి మేల్కొంటుంది.

కాబట్టి బరువు నిలుపుకోవడం కొద్ది నెలలతో ముగిసే పని కాదు. ఏళ్ళ తరబడి సాగే జీవన విధానం. అంత దీర్ఘకాలం మనిషిని నడిపించాలంటే, చేసిన మంచి పనిని మంచి పనిగా చూపించే కొలమానాలు కావాలి. నీటి హెచ్చుతగ్గులకే అటూ ఇటూ ఊగే అంకె ఆ పనికి తగదు.

తూకానికి బదులు ఐదు ఆధారాలు

మొదటిది నడుము కొలత. దర్జీలు వాడే టేపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పక్కటెముకల చివర, తుంటి ఎముక పైఅంచు, ఈ రెండింటి నడుమ భాగంలో టేపును నేలకు సమాంతరంగా చుట్టండి. మామూలుగా ఊపిరి విడిచిన తర్వాత, పొట్ట లోపలికి లాగకుండా, టేపు చర్మాన్ని నొక్కకుండా కొలవండి. భారతీయులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదన్నది వైద్యులు పాటించే హద్దు. టేపు లేకపోతే మీ ఎత్తుకు సమానమైన దారం తీసుకొని సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ అందితే మంచిది. అందకపోతే పొట్ట తగ్గించవలసి ఉన్నది. పదిహేను రోజులకొకసారి, ఒకే సమయంలో, పరగడుపున కొలిచి కాగితంపై వ్రాసుకొంటే చాలు. వరుసగా రెండుసార్లు మూడు సెంటీమీటర్ల పెరుగుదల కనిపిస్తే అది నీటి మాయ కాదని గ్రహించి జాగ్రత్త పడాలి.

రెండవది బట్టలు. ఇక్కడ ఒక మోసం ఉన్నది. నైటీలు, లుంగీలు, సాగే నడుము పట్టీ ఉన్న పైజామాలు పొట్ట ఎంత పెరిగినా ఫిర్యాదు చేయవు. పురుషులు చాలామంది ప్యాంటును పొట్ట కిందికి జార్చి వేసుకొని, పాత సైజే పడుతున్నదని సంతోషిస్తారు. మొలతాడు సైతం పొట్ట కిందికి జారిపోతుంది. బరువు తగ్గినప్పుడు కుట్టించుకొన్న ఒక రవికను గాని, బొడ్డు దగ్గర గుండీ పెట్టుకొనే ఒక ప్యాంటును గాని సాక్షిగా ఉంచుకోండి. నెలకొకసారి వేసుకొని చూడండి. హుక్కు పడడంలో ఇబ్బంది ఉంటే మీకే తెలుస్తుంది.

మూడవది శరీర సామర్థ్యం. నేలపై బాసింపట్టు వేసుకొని కూర్చొని, చేతి ఆసరా లేకుండా లేవగలుగుతున్నారా? కుర్చీలోంచి చేతులు కట్టుకొని వరుసగా పదిసార్లు లేచి కూర్చోగలుగుతున్నారా? మూడవ అంతస్తుకు ఆగకుండా ఎక్కగలుగుతున్నారా? కూరగాయల సంచి మోసుకొని ఇంటికి రాగలుగుతున్నారా? మూడు నెలల క్రితం కంటే ఇవి తేలికయితే మీ కండ బలపడుతున్నదని అర్థం. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు వీటిని వైద్యుని సలహాతోనే ప్రయత్నించాలి.

నాలుగవది కంచం. తూచవలసి వస్తే శరీరం కంటే తిండిని కొలవడం మేలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలోక్యాలరీలు అవసరమయ్యేవారికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. ధాన్యాలు, పప్పుల కొలత వండక ముందుది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించరాదు. మన ఇళ్ళలో అది సగానికి పైగానే ఉంటున్నది. అందుచేత అన్నం మానమని నేను చెప్పను. అన్నాన్ని గరిటెతో కుప్పగా పోసుకోకుండా ఒక గిన్నెతో కొలిచి పెట్టుకోమంటాను. అంతకు తక్కువ కాకుండా కూర వేసుకోండి. పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండేటట్లు చూడండి. మారు వడ్డించుకొనే ముందు పది నిమిషాలు ఆగండి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. మీ కంచం మీ చేతిలో ఉన్నది. రేపటి తూకపు అంకె మీ చేతిలో లేదు. మనసును చేతిలో ఉన్నదానిపై నిలపడం మంచిది.

ఐదవది పరీక్షల ఫలితాలు. రక్తపు పోటు, రక్తంలో చక్కెర, మూడు నెలల సగటును సూచించే హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు, ఇవి మీ అలవాట్లకు లభించే నిజమైన మార్కులు. బరువు కిలో అటూ ఇటూ అయినా ఇవి మెరుగుపడుతున్నాయంటే మీరు సరైన దారిలో ఉన్నట్లే. ఎంతకొకసారి చేయించుకోవాలో మీ వైద్యుడు నిర్ణయిస్తారు.

ఈ ఐదింటికీ ఆధారం వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం సూచిస్తున్నది. బరువు నిలుపుకోదలచినవారికి ఈ హద్దులో పైభాగమే అవసరమవుతుంది. అంటే రోజుకు ముప్పావు గంట నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే తగిన వేగం.

‘రోజూ తూచుకొన్నవారికే నిలిచిందట కదా!’

ఈ ప్రశ్న విజ్ఞులైన పాఠకులు తప్పక అడుగుతారు. అడగదగినదే. అమెరికాలో 1994లో ప్రారంభమైన జాతీయ బరువు నియంత్రణ నమోదులో కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలుపుకొన్నవారు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో దాదాపు మూడు వంతుల మంది వారానికి ఒకసారైనా తూచుకొంటారు. 2006లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, రోజూ తూచుకొంటూ అంకెకు తగినట్లు ఏం చేయాలో శిక్షణ పొందినవారికి బరువు తక్కువగా తిరిగి వచ్చింది.

ఈ సత్యాన్ని నేను కాదనను. కాని ఆ ఫలితాలను పూర్తిగా చదవాలి. ఆ నమోదులోని వ్యక్తులు సగటున రోజుకు గంటసేపు వ్యాయామం చేస్తారు, ఎక్కువమంది ఉపాహారం మానరు, వారపు రోజులకూ సెలవు రోజులకూ తిండిలో పెద్దగా తేడా రానివ్వరు. రెండవ పరిశోధనలోని వారికి అంకె పెరిగితే ఏం చేయాలో ముందే నేర్పారు, క్రమం తప్పకుండా సమావేశాలు ఏర్పాటు చేశారు. తూకపు యంత్రం అక్కడ గంట మాత్రమే మ్రోగించింది. గంట మ్రోగితే ఏం చేయాలో తెలిసినవారికి అది ఉపయోగపడింది. ఆ శిక్షణ లేకుండా, ఒంటరిగా, ప్రతి ఉదయం గంట మాత్రమే వినేవారికి మిగిలేది ఆందోళన. అంకెను నిబ్బరంగా చూడగలిగి, నాలుగు వారాల సగటును బట్టి నడుచుకోగలిగినవారు వారానికొకసారి తూచుకోవచ్చు. అంకె చూసి భోజనం మానేవారు, అద్దం ముందు తమను తాము తిట్టుకొనేవారు, ముఖ్యంగా యుక్తవయసు పిల్లలు, దానికి దూరంగా ఉండడమే శ్రేయస్కరం.

తూకం తప్పనిసరి అయినవారు

నా మాటలను అందరికీ అన్వయించరాదు. గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టేవారు రోజూ ఉదయం తూచుకోవలసిందే. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఇక్కడ మనకు తెలియవలసినది నీటి బరువే గనుక తూకపు యంత్రమే సరైన సాధనం. డయాలసిస్ చేయించుకొనేవారికి, కాలేయ వ్యాధితో పొట్టలో నీరు చేరేవారికి, గర్భిణులకు, ఎదిగే పసిపిల్లలకు కూడా తూకం అవసరమే.

ప్రయత్నం లేకుండా బరువు తగ్గేవారు కూడా అప్రమత్తం కావాలి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు మీ బరువులో 5 శాతానికి మించి అకారణంగా తగ్గితే అది సంతోషించవలసిన విషయం కాదు. అదుపు తప్పిన మధుమేహం, క్షయ, థైరాయిడ్ అధికం కావడం, కాన్సర్ వంటివి ఇలాగే బయటపడతాయి. పథ్యం ఫలించిందని భ్రమించి ఆలస్యం చేయరాదు. నెలకొకసారి తూచుకోవడం మానవద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఇంట్లోవారు చేయగలిగిన సహాయం

మన ఆతిథ్యంలో ప్రేమను వడ్డనతో కొలుస్తారు. ‘ఇంకొక్క ముద్ద’ అనడం మర్యాద, వద్దనడం మొహమాటం. సంక్రాంతికి అరిసెలు, సకినాలు చేసిన ఇంట్లో ఒక్కటి తిని లేచినవారికి ‘మా చేతి వంట నచ్చలేదా’ అన్న మాట తప్పదు. బరువు నిలుపుకొనే ప్రయత్నంలో ఉన్నవారికి ఈ ఒక్క విషయంలో కుటుంబం సహకరిస్తే సగం భారం తీరుతుంది. బలవంతపు వడ్డన మానండి. ‘ఎన్ని కిలోలు తగ్గావు? మళ్ళీ పెరిగావే!’ అని నలుగురిలో పలకరించడం కూడా మానండి. దానికి బదులు సాయంత్రం వారితో కలిసి నడవండి.

పండుగ వచ్చినప్పుడు అరిసె తినండి. పండుగ ఒక్క రోజు. డబ్బాలో మిగిలినవి మరో పదిహేను రోజులు టీతోపాటు తినడం వలననే అసలు నష్టం. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాటను పట్టుకొని మరునాడు పస్తు ఉండనవసరం లేదు. ఆ సామెత అజీర్తి చేసిన పూటకు వర్తిస్తుంది, జీవితకాలపు ఆహార నియమానికి కాదు. మరునాడు మామూలు భోజనం, మామూలు నడక. అంతే.

నడుము కొలత పెరిగినప్పుడు ఏం చేయాలో కూడా ముందుగానే నిశ్చయించుకొని వ్రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, నాలుగు వారాల పాటు రాత్రి మారు అన్నం ఉండదు, సాయంత్రం జంతికలకు బదులు ఒక పండు, నడకకు మరో పదిహేను నిమిషాలు. ఇంతకంటే కఠినమైనది ఏదీ అవసరం లేదు. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు ఆహారం తగ్గించే ముందు తమ వైద్యునితో మాట్లాడాలి. లేకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఈ ఆదివారం ఉదయం ఒక పని చేయండి. తూకపు యంత్రాన్ని అటక మీదికి చేర్చి, నెలకొకసారి దింపుదామని నిర్ణయించుకోండి. దాని స్థానంలో ఒక టేపు, ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ఉంచండి. ఆ రోజు నడుము కొలత, చేతి ఆసరా లేకుండా నేలపై నుంచి లేవగలిగారా లేదా, ఆ వారం ఎన్ని రోజులు నడిచారు, ఈ మూడూ వ్రాయండి. మూడు నెలల తర్వాత ఆ పుటలు తిరగవేయండి. మీ ఆరోగ్యం ఎటు పోతున్నదో వాటిలో మీకు కనిపిస్తుంది. సందేహాలుంటే ఆ పుస్తకం తీసుకొని మీ కుటుంబ వైద్యుని వద్దకు వెళ్ళండి. ఒక్క అంకె కంటే ఆ పుటలు ఆయనకు ఎంతో ఎక్కువ తెలియజేస్తాయి.